పత్తిపోగు మొదలు పరమాణువు దాకా

ఆదోని పత్తి మార్కెట్టులో సరుకు నాణ్యతను పరీక్షించే అనుభవశాలి ముందుగా చిటికెడు పత్తిని చేతిలోకి తీసుకొని, రెండు చేతుల వేళ్ల నడుమ లాగి, పింజ పొడవును చూస్తాడు. పొడవును కంటితో అంచనా కట్టవచ్చును. పోగు సన్నదనాన్ని మాత్రం కన్ను కొలువలేదు. అందుకు మైక్రోనేర్ అనే యంత్రపు కొలత అవసరమైనది. సన్నని పోగుకే సన్నని నూలు, సన్నని నూలుకే మేలైన వస్త్రం. కనుక తరతరాలుగా పత్తితో బ్రతికిన మన ప్రాంతానికి సూక్ష్మత విలువను వేరొకరు వచ్చి చెప్పవలసిన పనిలేదు.

అయితే ఆ పత్తిపోగు వెడల్పులోనే వందలాది విద్యుత్ ద్వారాలను వరుసగా నిలుపగల విద్య నేడు మానవునికి అలవడినది. మన చొక్కాజేబులోని చరవాణి ఆ విద్యకు ఫలం. ఒకప్పుడు గదినిండా పట్టిన యంత్రం అరచేతిలోకి ఎట్లు వచ్చినది? ఇంకా ఎంత దూరం పోగలదు? దీనివలన మనకు కలిగిన లాభమేమి, నష్టమేమి? ఈ ప్రశ్నలను మన విద్యార్థుల ముందుంచుట ఈ వ్యాసం ఉద్దేశం.

కొలత ఎంత?

మీటరును వేయి భాగాలు చేస్తే ఒక భాగం మిల్లీమీటరు. మిల్లీమీటరును వేయి భాగాలు చేస్తే మైక్రోమీటరు. దానిని మరల వేయి భాగాలు చేస్తే నానోమీటరు. గ్రీకు భాషలో మరుగుజ్జును తెలిపే మాట నుండి ‘నానో’ పుట్టినది. పత్తిపోగు వెడల్పు సుమారు 15 మైక్రోమీటర్లు, అనగా 15,000 నానోమీటర్లు. తలవెండ్రుక దీనికి ఐదారు రెట్లు లావు. సిలికాన్ స్ఫటికంలో పక్కపక్కనున్న రెండు పరమాణువుల నడుమ దూరం నానోమీటరులో నాలుగవ వంతుకన్న కొంచెం తక్కువ.

ఈ అంకెలు మనస్సుకు అందుటకు ఒక ఊహ చేయుదము. నానోమీటరును మిల్లీమీటరంతగా పెంచినామనుకొనుడు. అప్పుడు పత్తిపోగు 15 మీటర్ల వెడల్పుగల రాజమార్గమవుతుంది. ఒక మీటరు బద్ద 1,000 కిలోమీటర్ల పొడవు సాగుతుంది. ఆదోని స్టేషనులో రైలెక్కి ముంబయి చేరువాడు చేసే ప్రయాణంకన్న అది ఎక్కువ దూరం. అంత పొడవున్న బద్దమీద మిల్లీమీటరు గీతను తప్పులేకుండా గీయుట ఎంత కష్టమో, నేటి చిప్పులను తయారుచేయుట అంత కష్టం.

వాల్వుల కాలం

మన తాతల నాటి రేడియో చెక్కపెట్టెలో ఉండేది. స్విచ్చి వేసిన వెంటనే అది పలుకదు. లోపలి గాజు వాల్వులు వేడెక్కేదాకా ఇంటిల్లిపాదీ కాచుకొని ఉండవలసినదే. ఒక్కొక్క వాల్వు చిన్న విద్యుద్దీపం వంటిది. వేడి పుట్టించును, విద్యుత్తును తినును, కొంతకాలానికి మాడిపోవును. 1946లో అమెరికాలో ప్రజలకు చూపిన ఎనియాక్ అనే గణనయంత్రంలో ఇటువంటి వాల్వులు సుమారు 18,000 ఉండేవి. దాని బరువు దాదాపు 30 టన్నులు, విద్యుత్ వినియోగం సుమారు 150 కిలోవాట్లు. నేడు పది అంకెల లెక్కలు చేసే చిన్న కాలిక్యులేటరు ఒక గుండీ బ్యాటరీతో ఏళ్ల తరబడి పనిచేయుచున్నది.

ఈ మార్పునకు బీజం 1947 డిసెంబరులో పడినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అనే శాస్త్రజ్ఞులు జెర్మేనియం ముక్కతో మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించిరి. వారికిని, వారితో పరిశోధించిన విలియం షాక్లీకిని 1956లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. వాల్వు చేసే పనిని వేడి తంతి లేకుండా, గాజుబుడ్డి లేకుండా ఒక ఘనపదార్థపు ముక్క చేసినది. కొద్దికాలానికే రేడియో చెక్కపెట్టెను వదలి రైతు భుజానికెక్కినది. మన పల్లెల్లో ఆ రేడియోకే ‘ట్రాన్సిస్టరు’ అనే పేరు స్థిరపడుట అందరూ ఎరిగినదే.

కాలువ, తూము, తలుపు

ట్రాన్సిస్టరు చేసే పనిని మన ప్రాంతపు రైతు సులభంగా గ్రహించగలడు. తుంగభద్ర దిగువ కాలువను తలచుకొనుడు. ఒకవైపు నీరు నిండి ఉన్నది. రెండవవైపు పొలం ఉన్నది. నడుమ తూము, దానికి తలుపు ఉన్నది. తలుపు ఎత్తితే నీరు పారును, దించితే ఆగును. ట్రాన్సిస్టరులో నీటికి బదులు ఎలక్ట్రాన్లు పారుచున్నవి. తలుపును చేతితో గాక విద్యుత్ పీడనంతో ఎత్తుచున్నారు. ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు సైతం ఈ మూడు భాగాలకు నీటి భాషలోనే సోర్స్, డ్రెయిన్, గేట్ అని పేర్లు పెట్టుట గమనింపదగినది. సోర్స్ అనగా ఊట, డ్రెయిన్ అనగా నీరు వెడలే కాలువ, గేట్ అనగా తలుపు.

నేటి చిప్పులన్నిటికీ మూలమైన ఈ విధమైన ట్రాన్సిస్టరును 1959లో బెల్ ప్రయోగశాలలోనే ఇద్దరు వలస శాస్త్రజ్ఞులు రూపొందించిరి. ఒకరు ఈజిప్టులోని పోర్ట్ సయ్యద్‌లో జన్మించిన మొహమ్మద్ అతల్లా, రెండవవారు కొరియా దేశీయుడైన డావన్ కాంగ్. విద్యకు జన్మస్థలం అడ్డు కాదనుటకు వీరు నిదర్శనం.

తలుపు తెరచి ఉంటే ఒకటి, మూసి ఉంటే సున్న. ఈ రెండు స్థితులతోనే కంప్యూటరు అక్షరాన్ని, అంకెను, పాటను, బొమ్మను గుర్తుంచుకొనును. ఈ భావన సైతం మనకు దూరమైనది కాదు. జాకార్డు బిగించిన మగ్గాన్ని చూచినవారికి తెలియును: రంధ్రాలు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుచుండును, రంధ్రం ఉన్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు, అట్లు వస్త్రంపై పువ్వు విరియును. ఫ్రాన్సు దేశంలో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 నాటికి ఏర్పరచిన ఈ పద్ధతినే చార్లెస్ బాబేజ్ తన గణనయంత్ర ప్రణాళికలోనికి తీసుకొనెను. హెర్మన్ హోలరిత్ రంధ్రాల అట్టలతోనే 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను కూడించెను. కంప్యూటరు పూర్వీకులలో మగ్గం ఒకటి. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ల సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరు చెంతనే నివసించే మనం ఈ బంధుత్వాన్ని మరువరాదు.

కుంచించుకొను విధానం

తొలినాళ్లలో ఒక్కొక్క ట్రాన్సిస్టరును విడిగా చేసి, తీగలతో అతికించేవారు. అతుకులు పెరిగిన కొలది పొరపాట్లు పెరిగినవి. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ ఈ చిక్కును విప్పిరి. ట్రాన్సిస్టర్లను, వాటిని కలిపే దారులను ఒకే అర్ధవాహకపు ముక్కపై ఏర్పరచవచ్చునని చూపిరి. అదే సమగ్ర వలయం, వ్యవహారంలో చిప్పు.

చిప్పును చెక్కరు, అచ్చు వేయుదురు. నున్నగా తీర్చిన సిలికాన్ పళ్లెంపై వెలుగు సోకితే మారే పూత పూయుదురు. దానిపై నమూనా గల తెరగుండా కాంతిని ప్రసరింపజేయుదురు. వెలుగు పడినచోట పూత ఒక విధంగా, పడనిచోట మరియొక విధంగా మిగులును. తరువాత రసాయనాలతో అనవసరమైన భాగాన్ని తొలగింతురు. ఇట్లు పొరపై పొర వేయుచు పోవుదురు. రంధ్రాల అచ్చుతో గడపముందు ముగ్గు వేయు పద్ధతి వంటిదే ఇది.

అయితే కొబ్బరిపుల్లల చీపురుతో కాటుకరేఖ దిద్దలేము గదా! గీత సన్నబడవలెనంటే కుంచె సన్నబడవలెను. ఇక్కడ కుంచె కాంతి. కంటికి కనబడే కాంతి తరంగం పొడవు సుమారు 400 నుండి 700 నానోమీటర్లు. అది చాలక 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలను, అదియు చాలక నేడు 13.5 నానోమీటర్ల కిరణాలను వాడుచున్నారు.

1965లో గోర్డన్ మూర్ అనే ఇంజనీరు చిప్పుపై పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపగుచున్నదని గుర్తించెను. 1975లో ఆ గడువును రెండేళ్లకు సవరించెను. ఇది ప్రకృతి నియమం కాదు. పరిశ్రమ తనకు తాను విధించుకొన్న లక్ష్యం. 1971లో వెలువడిన ఇంటెల్ 4004 అనే చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 2020లో వచ్చిన ఆపిల్ చరవాణిలోని ఏ14 చిప్పులో 1,180 కోట్లు ఉన్నవి.

ఈ సంఖ్యను ఒకసారి వాల్వులలోనికి మార్చి చూడుడు. ఒక్కొక్క వాల్వు ఒక్క వాటు విద్యుత్తుతోనే సరిపుచ్చుకొన్నదనుకొన్నను, 1,180 కోట్ల వాల్వులకు 11,800 మెగావాట్లు కావలెను. శ్రీశైలం కుడిగట్టు, ఎడమగట్టు విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యం కలిపి 1,670 మెగావాట్లు. అనగా ఒక్క చరవాణి పలుకుటకు ఏడు శ్రీశైలాలు కావలెనన్నమాట! పరికరం చిన్నదగుట కేవలం మోయుటకు సౌకర్యం కాదు. చిన్నదైన కొలది విద్యుత్తు తక్కువ, వేగం ఎక్కువ, ధర తక్కువ. అందుచేతనే నిన్నటి సంస్థల సొత్తు నేడు సామాన్యుని చేతికి వచ్చినది.

తెలుగుగడ్డపై ఎలక్ట్రానిక్ విద్య

ఈ చరిత్రలో మనవారికి స్థానం లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, హోమీ భాభాగారి అణుశక్తి పరిశోధనా బృందంలో చేరిరి. 1956లో పనిచేయ నారంభించిన అప్సర అణు రియాక్టరు నియంత్రణ వ్యవస్థ వారి నేతృత్వంలో రూపొందినది. పరికరాలను విదేశాలనుండి కొనుటకన్న మనమే చేసికొనవలెనను పట్టుదలకు ఫలితంగా 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైనది. ఇ.సి.ఐ.ఎల్. అను పొడి అక్షరాలతో ప్రసిద్ధమైన ఆ సంస్థను రావుగారు నడిపించిరి.

1969లో ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును ఆ సంస్థ ఉత్పత్తి చేసినది. తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 వచ్చినవి. అవి బీరువాలంత యంత్రాలు. ఆ సంస్థ చేసిన ఇ.సి. టీవీలు ఎన్నో ఇండ్లలో నిలిచినవి. ఎన్నికల సంఘం కోరికపై 1979 నాటికి ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనా ఇక్కడనే తయారైనది. 1982 మేలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో ఓటింగ్ యంత్రాలు తొలిసారి వాడబడినవి. చట్టంలో వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను త్రోసిపుచ్చగా, 1988లో చట్టాన్ని సవరించిరి. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా ఆ యంత్రాలే వాడిరి. పరికరాన్ని చేయుట ఒక ఎత్తు, దానిని ప్రజాజీవితంలో సక్రమంగా నిలుపుట మరొక ఎత్తు అని ఈ ఉదంతం చెప్పుచున్నది.

చిప్పు తయారీలో మాత్రం దేశం వెనుకబడినది. మొహాలీలో 1984లో ఉత్పత్తి ప్రారంభించిన సెమికండక్టర్ కాంప్లెక్స్ 1989లో అగ్నిప్రమాదానికి గురియైనది. ఆ దెబ్బనుండి కోలుకొనుటకు చాలకాలం పట్టినది. 2021లో కేంద్రప్రభుత్వం సెమికండక్టర్ల ప్రోత్సాహానికి నూతన పథకాన్ని ప్రకటించినది. 2025 ఆగస్టులో ఆమోదం పొందిన కర్మాగారాలలో ఒకటి మన ఆంధ్రప్రదేశ్‌కు కేటాయింపబడినది.

మన రెండు లిపులకు కలిగిన మేలు

ఉర్దూ, తెలుగు రెండింటినీ ఆదరించే మన కళాశాలకు ఈ పరిణామం మరొక విధంగా సన్నిహితమైనది. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు చాలును. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి వందలాది రూపాలగును. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో అక్షరం తన ఇరుగుపొరుగులను బట్టి రూపం మార్చుకొని, ఏటవాలుగా క్రిందికి దిగుచుండును. సీసపు అచ్చులతో దానిని కూర్చుట దుస్సాధ్యమై, పత్రికలు చాలకాలం కాతిబుల చేతివ్రాతపైనే ఆధారపడినవి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల కూడిక రూపాలను వ్రాసి, కంప్యూటరు అచ్చుకు అనువైన నూరీ నస్తాలీఖ్‌ను సిద్ధపరచిరి. ఇన్ని రూపాలను గుర్తుంచుకొను జ్ఞాపకశక్తి యంత్రానికి చౌకగా లభించుటవలననే అది ఇంటింటికి చేరినది. నేడు ఒక విద్యార్థి ఒకే చరవాణిలో అమ్మకు తెలుగులోను, స్నేహితునికి ఉర్దూలోను ఉత్తరం వ్రాయుచున్నాడు. సూక్ష్మీకరణ లేనిచో పరికరాల ప్రపంచంలో మన లిపులకు చోటు దక్కెడిది కాదు.

హద్దు ఎక్కడ?

1959 డిసెంబరులో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు పరమాణువులను ఒక్కొక్కటిగా అమర్చు రోజు రాగలదని ఉపన్యసించెను. 1974లో జపాను దేశీయుడు నోరియో తానిగుచి ‘నానోటెక్నాలజీ’ అను మాటను వాడెను. 1981లో గెర్డ్ బిన్నిగ్, హైన్రిచ్ రోరర్ పరమాణువులను చూపగల సూక్ష్మదర్శినిని నిర్మించిరి. 1989లో డాన్ ఐగ్లర్ అటువంటి పరికరంతో 35 జెనాన్ పరమాణువులను జరిపి తన సంస్థ పేరులోని మూడక్షరాలను కూర్చెను. ముప్పదియేండ్లలో ఊహ ప్రయోగమైనది.

కాని సన్నదనానికి హద్దు ఉన్నది. మరల కాలువ వద్దకు వత్తము. తూము తలుపు అట్టముక్కంత పలుచనైతే మూసినను నీరు ఊరక మానదు. అట్లే తలుపునకును దారికిని నడుమనున్న అవరోధపు పొర కొద్ది పరమాణువుల మందానికి దిగినప్పుడు ఎలక్ట్రాన్లు దానిని దాటిపోవుచున్నవి. గోడను ఎక్కకుండ, పగులగొట్టకుండ ఆవలికి చేరు ఈ వింతను శాస్త్రజ్ఞులు టన్నెలింగ్ అందురు. చరవాణిని వాడకపోయినను బ్యాటరీ తరుగుటకు, వేడెక్కుటకు ఇటువంటి ఊటలు కొంత కారణం. అందుచేత 2012 నుండి తలుపు దారిని పైనుండి మాత్రమే గాక మూడు వైపులనుండి పట్టు ట్రాన్సిస్టర్లు మార్కెట్టుకు వచ్చినవి. తరువాత నాలుగు వైపులనుండి చుట్టునవియు వచ్చినవి.

ఇచట విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకొనవలెను. ‘మూడు నానోమీటర్ల చిప్పు’ అని ప్రకటనలో కనబడు అంకె ఒక తరం పేరు మాత్రమే. అందులో ఏ భాగమూ కచ్చితంగా అంత కొలతలో ఉండదు. ఆ చిప్పులలో పక్కపక్క తలుపుల మధ్య దూరం సుమారు 50 నానోమీటర్లు. ఆ లెక్కన మన పత్తిపోగు వెడల్పులో 300 తలుపులు నిలుచును. నిజమే ఇంత అద్భుతంగా ఉండగా దానికి అతిశయోక్తి అక్కరలేదు.

జాగ్రత్త వహింపవలసినవి

‘నానో’ అను మాట నేడు అమ్మకపు ముద్రగా మారినది. కొన్ని ప్రయోజనాలు వాస్తవమైనవి. హైదరాబాదులోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధనా సంస్థ వెండి నానోరేణువుల పూతతో నీటి వడపోత కొవ్వొత్తులను రూపొందించినది. కాని ప్రతి ప్రకటననూ పరీక్షింపక నమ్మరాదు. 2021లో విడుదలైన ద్రవరూప నానో యూరియా అర లీటరు సీసా 45 కిలోల బస్తాకు సాటియని చెప్పిరి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల క్షేత్రపరీక్షలలో వరి, గోధుమ దిగుబడులు తగ్గినట్లు తేలినది. పొలమే జీవనాధారమైన మన ప్రాంతంలో పేరు చూచి కాదు, ఫలితం చూచి నిర్ణయించుట మేలు.

రెండవది మరమ్మతు. మా వీధిలో ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు. కావియ, మీటరు, గుప్పెడు విడిభాగాలు అతని సర్వస్వం. చెడిన భాగం ఏదో చెవితో విని చెప్పేవాడు. నేడు అతని వద్దకు వచ్చే బోర్డులో భాగాలు కంటికి ఆనవు. చిప్పు చెడితే బోర్డు మొత్తం మార్చవలసినదే. పనితనం ఉన్నను పనికి చోటు లేకపోయినది. అట్లు పారవేసిన వస్తువులలో సీసం మొదలగు విషపదార్థాలతోపాటు రాగి, బంగారం వంటి విలువైన లోహాలును ఉన్నవి. వాటిని చెత్తకుప్పలో కాల్చుట నేలకు, నీటికి, కాల్చువాని ఊపిరికి ముప్పు. తయారీదారులే పాత పరికరాల పునర్వినియోగ బాధ్యత వహింపవలెనని నిర్దేశించే కొత్త నియమాలు 2023 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినవి. నియమం ఊరిదాకా రావలెనంటే ఊరివారికి అది తెలియవలెను.

మన కర్తవ్యం

చిప్పుకు ముడిపదార్థం ఇసుకనుండి తీసిన సిలికాన్. ఇసుకకు విలువ లేదు. దానిపై వెచ్చించిన జ్ఞానానికే విలువ. మనం పత్తిని తూకం వేసి అమ్మి, వస్త్రాన్ని ధర పెట్టి కొనుచున్నాము. వానలు తప్పిన ఏట మన పల్లెలనుండి కుటుంబాలు గుంటూరు మిరపచేలకు, బెంగుళూరు కట్టడాలకు వలసపోవుచున్నవి. అక్కడినుండి తల్లి హాస్టలులోని బిడ్డతో మాట్లాడుటకు చరవాణి ఉపకరించుచున్నది. అది గొప్ప మేలే. అయితే ఆ బిడ్డ ఆ పరికరాన్ని వాడుటతోనే తృప్తిపడక, అది ఎట్లు పనిచేయునో తెలిసికొని, బాగుచేయుట, రూపొందించుట నేర్చిననాడు వలస బాట మలుపు తిరుగును.

ఇందుకు కోట్ల వ్యయం అక్కరలేదు. చెడిన రేడియోలు, చరవాణులు విప్పి చూచుటకు ఒక బల్ల, రెండు కావియలు, ఒక మీటరు, ఒక మంచి భూతద్దం, వారానికి రెండు గంటల సమయం చాలును. ఊరిలోని అనుభవజ్ఞుడైన మెకానిక్కునే గురువుగా పిలువవచ్చును. సాంకేతిక పదాలకు ఉర్దూ, తెలుగు అర్థాలతో ఒక చిన్న పట్టికను విద్యార్థులే కూర్చవచ్చును. కళాశాల పాలకవర్గం వారు ఈ విన్నపాన్ని సానుభూతితో పరిశీలింతురుగాక.

విద్యార్థులారా! పింజను చేతబట్టి నాణ్యత చెప్పగల పెద్దల ఊరు మనది. చూపు సూక్ష్మమైనచోట విద్య పుట్టును. ఆ చూపును పత్తిపోగు దగ్గర ఆపక, పరమాణువు దాకా పోనిండు.